అచ్చం అన్నంలాగే

మా ఇంట్లోంచి బియ్యం బస్తా వెళ్ళిపోయిన పొద్దున ఎవరూ పోట్లాడలేదు, ఎవరూ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. సగానికి దిగిన బస్తాను వసారాలోకి లాగించి, నా భార్య గేటు దగ్గర నిలబడి ఎదురింటావిడను కేకేసింది. ఆవిడ భర్త దోహాలో పనిచేస్తాడు. ఆవిడా, అత్తగారూ, నాలుగు కోళ్ళూ ఆ ఇంట్లో ఉంటారు. ఆవిడ వచ్చి బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు గింజలు అరచేతిలో పరుచుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పురుగు పట్టేసిందాండీ?"

"బియ్యానికి కాదండి, నాకు పట్టింది. మీరు పట్టుకెళ్ళండి" అంది నా భార్య.

ఆమె ఎడమకంట్లో అప్పటికి కొన్ని వారాలుగా నల్లటి దారప్పోగులు ఈదుతున్నాయి. పక్కకు చూస్తే అవీ పక్కకు జరిగేవట. కాకినాడ తీసుకెళ్ళాను. కంటి డాక్టరు చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసి, షుగరు వల్ల కంటి వెనక నరాల్లోంచి రక్తం ఊరుతోందన్నారు. ఆపరేషను చెయ్యాలి, కానీ ఇంత షుగరుతో చెయ్యి వెయ్యలేను, ముందు దాన్ని దింపుకుని రండి, ఆలస్యమైతే ఆ కన్ను దక్కదు, రెండోదీ దాని దారే పడుతుంది అన్నారు. వచ్చేటప్పుడు బస్సులో నా భార్య ఎడమకన్ను చేత్తో మూసి కిటికీలోంచి చూసింది. తర్వాత కుడికన్ను మూసి చూసింది. యానాం దాటేదాకా అలాగే మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. దిగేముందు మాత్రం ఒకే మాట అంది: "ఇంట్లో అన్నం ఉంటే నేను తినకుండా ఉండలేనండి. నా సంగతి నాకు తెలుసు. అసలుండకూడదు."

అలా మొదలైంది. షుగరు చూసే డాక్టరు కూడా సరేనని మాత్రలు తగ్గించి రాసిచ్చారు. నాకూ పొట్ట ఉంది, మా అత్తగారికీ షుగరు ఉంది. ముగ్గురికీ ఒకే వంట అనుకున్నాం.

ఫోన్లో ఈ వంటలు చూపించేవాళ్ళందరూ ఒకే మాట అంటారు. "అచ్చం అన్నంలాగే ఉంటుందండి." "అచ్చం చపాతీలాగే." కాలీఫ్లవరును ఉప్పువేసిన వేణ్ణీళ్ళలో ముంచి పురుగులు తేల్చి, తురిమి, పల్చటి గుడ్డలో పిండి, మూకుట్లో కాస్త కొబ్బరినూనె వేసి కలియబెడితే అది అన్నం. కొబ్బరిపాలు తీసిన పిప్పిని ఎండబెట్టి మిక్సీ పడితే అది పిండి. ఆ పిప్పిని మా వీధిలో ఎవరైనా గేదెకు పెడతారు. అదే పొడి ప్యాకెట్లలో పోసి షాపులో అమ్ముతుంటే చూసి నా భార్య చాలాసేపు నవ్వింది. సంతలో కూరగాయలమ్మే మనిషి, వారానికి రెండుసార్లు సంచి నిండా కాలీఫ్లవర్లు వేయించుకుంటున్న నన్ను చూసి, "ఫంక్షనాండీ?" అనడిగాడు. కాదన్నాను. మళ్ళీ వెళ్ళినప్పుడూ అదే అడిగాడు. కొన్నాళ్ళకు ఆయ్, ఫంక్షనే అనేశాను.

నా భార్య చేతికి మంచి పనితనం ఉంది. పనసాకులు తెచ్చి, నాలుగేసి కలిపి చీపురుపుల్లలు గుచ్చి బుట్టలు కుట్టి, మినప్పిండీ రవ్వా పోసే చోట గుడ్డూ కొబ్బరిపిండీ గిలక్కొట్టి పోసి ఆవిరి మీద ఉడికించింది. పొట్టిక్కలు. ఆకు వాసన మటుకు అసలైనదే. రంగూ దగ్గర దగ్గరగా వచ్చింది. మా అత్తగారు ఒకటి చేతిలోకి తీసుకుని, ఆకులు ఒక్కొక్కటే విప్పి, ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. ఆకుబుట్టలోకి వంగి చూశారు.

"ఇందులోది ఎవరు తీసేసేరే?" అన్నారు.

మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడది పలివెల. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఓసారి నూతిచప్టా మీద జారిపడిన దగ్గర్నుంచి ఆవిడ మా దగ్గరే ఉంటున్నారు. కాలు కట్టుకుంది గానీ జ్ఞాపకం కట్టుకోలేదు. పాతవన్నీ ఉన్నాయి. నిన్నటివి లేవు. వసారాలో గ్రిల్లు పక్కన వాలుకుర్చీలో కూర్చుంటారు. నాతో ఎన్నడూ ఎదురుగా మాట్లాడి ఎరగరు. పెళ్ళైన నాటినుంచీ మధ్యలో కూతురుండాల్సిందే. నేను పక్కనే ఉన్నా సరే, "అల్లుడుగారిని కాఫీ తాగమనవే" అని వంటింటివైపు కేకేస్తారు. నేనూ వంటింటివైపే తిరిగి, "తాగేనని చెప్పు" అంటాను. బయటివాళ్ళకు నవ్వులాటగా ఉంటుంది. మాకు అలవాటైపోయింది.

ఆవిడకు చూపు ఆనదు. కానీ వంటింట్లో ఏం జరుగుతోందో వసారాలోంచే తెలిసేది. మా ఇంట్లో అన్నం కుక్కర్లో పెట్టడం ఆవిడ ఒప్పుకోలేదు. గిన్నెలోనే వండి వార్చాలి. అలా వండే ఇంట్లో పొద్దెక్కిన దగ్గర్నుంచి ఓ వరసలో చప్పుళ్ళుంటాయి. చేటలో బియ్యం చెరిగే చప్పుడు, కడుగునీళ్ళు పారబోసే చప్పుడు, ఎసరు మరిగి మూత టకటకలాడటం, ఆ తర్వాత గంజి వార్చేటప్పుడు ధార, దానితో పాటు వసారా దాకా వచ్చే వాసన. ఆవిడకు గడియారం అదే. మూత కొట్టుకోగానే కుర్చీలో సర్దుకుని కూర్చునేవారు. గంజి వాసన రాగానే చేతులు కడుక్కోవడానికి లేచేవారు.

కాలీఫ్లవరుకు చప్పుడు లేదు. తురుముతుంటే కాస్త గరగర, అంతే. మూకుట్లో వేసి దింపేయడమే. నేను ఉద్యోగమంతా దినపత్రికలో చేసినవాణ్ణి. వసారాలో పేపరు పట్టుకుని కూర్చుంటే ఏ చప్పుడూ నన్ను కదిలించేది కాదు. ఆ వారం మాత్రం, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటని ఒకటికి రెండుసార్లు తలెత్తి చూశాను. మొదట ఆ మాట పైకి అన్నది మా అత్తగారు.

"ఇవాళ ఎసరు పెట్టలేదేంటే?" అన్నారు వంటింటివైపు తిరిగి. జవాబు వచ్చేలోపే గొంతు తగ్గించి, "ఎవరు పోయేరు?" అన్నారు.

అర్థం చేసుకోవడానికి మాకు క్షణం పట్టింది. ఆవిడ ఎరిగిన లోకంలో మధ్యాహ్నం పూట పొయ్యి మీద అన్నం లేదంటే ఇంట్లో శవం ఉన్నట్టే. పోయినవాళ్ళని తీసుకెళ్ళేదాకా ఆ ఇంట్లో ఎసరు పెట్టరు. ఇరుగుపొరుగు వండి తెచ్చి పెడతారు. అందుకే ఇంకే ఆలోచనా లేకుండా ఆవిడ నేరుగా అక్కడికి వెళ్ళారు.

"ఎవరూ పోలేదమ్మా, షుగరని మానేసేం" అంది నా భార్య.

"దాచకే. అల్లుడుగారిని అడుగు. పేపరాయన కదా, ఎవరు పోయినా ముందు వారికే తెలుస్తుంది."

అది నిజమే. జిల్లా పేజీకి నిర్యాణ వార్తలు నేనే రాసేవాణ్ణి. చావువార్త వస్తే ఇద్దరిని విడివిడిగా అడిగి రూఢి చేసుకున్నాక గానీ పంపేవాణ్ణి కాదు. "ఎవరూ పోలేదని చెప్పు" అన్నాను వంటింటివైపు తిరిగి. ఆవిడ తలూపారు గానీ నమ్మలేదు. మధ్యాహ్నమంతా ఒక్కొక్కళ్ళనే తలుచుకున్నారు. పెద్ద తోడికోడలు, వదినగారు, పలివెలలో గుడి వెనక ఉండే చిన్ననాటి స్నేహితురాలు. అందరూ ఎప్పుడో పోయినవాళ్ళే. సాయంత్రానికి మామగారి దగ్గరకొచ్చారు. "వారేనా?" అన్నారు. నా భార్య అబద్ధమాడలేక, "నాన్నగారు పోయి చాన్నాళ్ళయింది కదమ్మా" అంది. ఆవిడ అప్పుడే విన్నట్టు ఏడ్చారు. నిజంగా అప్పుడే విన్నారు.

మర్నాడు మళ్ళీ అంతే. ఎసరు లేదు, ఎవరు పోయేరు, వారేనా, ఏడుపు. ఆ మర్నాడూ అంతే. మామగారు పోయిన రోజు నేను చూశాను. అప్పుడు కూడా ఆవిడ ఇంత ఏడవలేదు. ఆ రోజు చుట్టాల కాఫీలూ నీళ్ళూ చూసుకునే పని ఉంది. ఇప్పుడు పనేమీ లేదు, దుఃఖం ఒక్కటే ఉంది.

ఉపాయం నా భార్యదే. మా అత్తగారు పెళ్ళైన దగ్గర్నుంచి శనివారం రాత్రి అన్నం ముట్టరు. వెంకటేశ్వరస్వామి వారం, పలహారమే. ఏకాదశికి మధ్యాహ్నమూ అంతే. ఒకరోజు ఆవిడ నోరు తెరిచేలోపే నా భార్య వసారాలోకొచ్చి, "ఇవాళ ఏకాదశమ్మా, రాత్రికి శనివారం, రెండూ కలిసొచ్చేయి, పలహారమే" అంది.

మా అత్తగారి మొహం విప్పారింది. "రెండూ కలిసొచ్చేయా! మంచిరోజే" అన్నారు. కాలీఫ్లవరును ఉప్మా అనుకుని ఇష్టంగా తిన్నారు. ఎవరినీ తలుచుకోలేదు.

ఆనాటి నుంచి మా ఇంట్లో ప్రతిరోజూ ఏకాదశి, ప్రతిరోజూ శనివారం. నిన్నటిది గుర్తుండదు కాబట్టి ఇవాళ్టి శనివారం ఆవిడకు కొత్తదే. గోడమీద క్యాలెండరు తీసి బీరువా మీద పెట్టాం. పేపరు చదివి వినిపించేటప్పుడు నేను తేదీ, వారం ఉన్న గీతను దాటేసి మొదలుపెట్టేవాణ్ణి. "ఇవాళ ఏం వారమో అల్లుడుగారిని చూసి చెప్పమనవే" అనేవారు ఆవిడ. "శనివారమని చెప్పు" అనేవాణ్ణి. నా ఎదుట పెద్దక్షరాల్లో సోమవారం అని ఉండేది.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. నా భార్యకు షుగరు దిగుతోంది. కంట్లో దారప్పోగులు అలాగే ఉన్నాయి గానీ కొత్తవి రావడం లేదంది. మనిషి సన్నబడింది. జాకెట్లు రెండువైపులా కుట్టు లోపలికి వేసుకుంది. గాజులు మోచేతి దాకా వెళ్ళి వస్తున్నాయి. వీధిలోవాళ్ళు "చిక్కిపోయేరేంటండీ" అంటే గర్వంగానే చెప్పుకునేది. ఇంట్లో మాత్రం ఏదో పేరుకుంటోంది. మా అత్తగారికి నిన్నటి మాట గుర్తుండదు నిజమే, కానీ ఏదో ఓ మూల లెక్క కడుతూనే ఉన్నట్టున్నారు. ఓ పొద్దున తలంటు పోసుకుని కూర్చుని, "ఈ శనివారం దిగట్లేదేంటే?" అన్నారు. నా భార్య చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఇంకో రోజు పలహారం పళ్ళెం అందిస్తుంటే మా అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుని వేళ్ళతో తడిమి చూశారు.

"మీరెవరి తాలూకండీ?" అన్నారు మర్యాదగా.

నా భార్య నవ్వేసింది. "మీ అమ్మాయి తాలూకేనండి" అంది అదే మర్యాదతో.

"అదా! అది రాలేదేం?"

"లోపలుందండి, వంటింట్లో."

"దానికి వంటింటి పనే సరిపోతుంది. మీరు మాత్రం మాబాగా చూస్తున్నారండి" అన్నారు మా అత్తగారు. నా భార్య వంటింట్లోకి వెళ్ళింది. నవ్వు చప్పుడు ఆగిపోయింది. నేను పేపరు దించలేదు.

అప్పుడు నేనొక సలహా ఇచ్చాను. ఆవిడకు కావాల్సింది అన్నం కాదు, అన్నం చప్పుడు కదా. ఉత్త నీళ్ళే గిన్నెలో పోసి మూతపెట్టి మరిగించు, మూత టకటకలాడితే ఆవిడ మనసు కుదుటపడుతుంది, ఈ శనివారం గోలా వదిలిపోతుంది అన్నాను. అన్నంలాంటి అన్నానికి ఎసరులాంటి ఎసరు. నా భార్యకూ బాగానే తోచింది. మర్నాడు, ముసురుపట్టిన పొద్దున, పాత అన్నం గిన్నె తీసి నిండా నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టింది.

మూత కొట్టుకోవడం మొదలవగానే మా అత్తగారు కుర్చీలో సర్దుకున్నారు. నేను వంటింటివైపు చూసి తలాడించాను. కాసేపటికి ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"అల్లుడుగారండీ" అన్నారు.

నాతో. నేరుగా. పేపరు నా చేతిలోంచి ఒళ్ళోకి జారింది.

"నీళ్ళు ఎవరికి కాస్తున్నారండీ?"

"వంటకండి" అన్నాను.

"వంటక్కాదండి. చేట చప్పుడు లేదు. కడుగు పారబొయ్యలేదు. ఉత్త నీళ్ళు మరుగుతున్నాయి." ఆవిడ గొంతులో వణుకు లేదు. "ఎసరు పెట్టకుండా నీళ్ళు కాసేది స్నానం చేయించడానికే కదండీ. మా అమ్మాయికేనా?"

పోయినవాళ్ళకు కడపటి స్నానానికి నీళ్ళు కాస్తారు. నాకు ఆ ఆలోచన రాలేదు. ఎలా వస్తుంది? "మీ అమ్మాయి వంటింట్లో ఉందండి, చూడండి, నేను పిలుస్తాను" అన్నాను.

"ఆవిడ కాదండి. ఆవిడెవరో సాయానికొచ్చినావిడ. సన్నంగా ఉంటారు. మా అమ్మాయి ఒళ్ళున్న మనిషి కదండీ" అన్నారు మా అత్తగారు. నా తప్పు దిద్దుతున్నట్టు నెమ్మదిగా చెప్పి, "శనివారం పోయిందన్నమాట" అన్నారు.

శనివారం పోయినవాళ్ళు ఒక్కళ్ళే వెళ్ళరని, ఇంకొకళ్ళని వెంట తీసుకుపోతారని మా వైపు భయం. అందుకని ఆ రోజు లేచే పాడెకు బతికున్న కోడిపిల్లను కడతారు. ప్రతిరోజూ శనివారమని చెప్పింది మేమే.

నేను వంటింట్లోకి వెళ్ళాను. నా భార్య పొయ్యి ముందు నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. మూత టకటకమని ఎగిరిపడుతోంది, ఆమె కట్టెయ్యడం లేదు. కట్టేస్తే ఏమవుతుందో ఆమెకూ తెలియలేదు. "నేను బతికున్నానని ఎలా చెప్పమంటారు?" అంది. నీళ్ళన్నీ ఇగిరి గిన్నె అడుగు చిటపటలాడేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. ఆ చప్పుడులో గ్రిల్లు తలుపు తీసిన చప్పుడు మాకు వినిపించలేదు. వెళ్ళి చూసేసరికి ఆవిడ కుర్చీలోనే ఉన్నారు. పాదాలకు బురదుంది. అదెలా వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

చినుకులు కాస్త వెలిసేక గేటు తెరుచుకుంది. ఎదురింటావిడ చెప్పులు గేటు బయటే విడిచి, కొంగు భుజం నిండా కప్పుకుని, తలొంచుకుని, ఒక చేత్తో స్టీలు క్యారేజీ పట్టుకుని వచ్చింది. అలా నడిచొచ్చేవాళ్ళను ఉద్యోగంలో ఎన్నో చావుఇళ్ళల్లో చూశాను. తలుపు తీసింది నా భార్య.

"అయ్యబాబోయ్!" అంది ఎదురింటావిడ. క్యారేజీ చేతిలోంచి జారబోయి ఆగింది. "మీరున్నారేంటండీ!"

"ఎక్కడికెళ్తానండీ?"

ఆవిడ గుండెలమీద చెయ్యి వేసుకుని గుమ్మానికి చేరబడింది. "మీ అమ్మగారే వచ్చేరండి మా గేటు దగ్గిరికి. వానలో. మా అమ్మాయి పోయిందమ్మా, శనివారం కూడా వచ్చింది, కోడిపిల్లుంటే ఓటి ఇప్పించు అన్నారండి. ఇవాళ బుధవారం కదా, శనివారమంటారేంటి అనుకున్నాను. దుఃఖంలో ఏం వారమని తెలుస్తుంది లెండి అని... గబగబా అన్నం, చారు పడేసి పట్టుకొచ్చేను. మా అత్తగారు ఇంకా బుట్ట పట్టుకుని కోడి వెనకాల తిరుగుతున్నారండి."

నా భార్య నవ్వింది. ఆపలేకపోయింది. ఎదురింటావిడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నూరేళ్ళు బతుకుతారండి మీరు."

"కన్నొకటి బతికితే చాలండి. ఆ క్యారేజీ పట్టుకెళ్ళిపోండి, మాకు అన్నం లేదు కదా."

ఎదురింటావిడ కదల్లేదు. "చావింటికని తెచ్చిన అన్నం వెనక్కి పట్టుకెళ్ళకూడదండి."

"చావు లేదు కదండీ!"

"లేదండి. లేదని పట్టుకెళ్ళేననుకోండి. రేపు మాలో ఎవరికైనా నలతగా ఉంటే మా అత్తగారు నన్ను బతకనిస్తారాండీ?" ఆవిడ క్యారేజీ గడపకు లోపల, గచ్చుమీద పెట్టేసింది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మీ బియ్యమేనండి" అంది.

మూత తియ్యకుండానే వాసన వచ్చింది. వేడన్నం, మిరియాల చారు. ఇన్నాళ్ళ తర్వాత ఆ వాసన వసారా దాటి ముందుగదిలోకి, అక్కణ్ణుంచి వంటింట్లోకి వెళ్ళింది. మా అత్తగారు కుర్చీలోంచి లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ఎవరూ చెప్పలేదు.

నా భార్య కంచం పెట్టింది. అన్నం వడ్డించింది. వడ్డించేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది, ఆవిరి మీదికి రాకుండా. తనకు మూకుట్లోంచి కాలీఫ్లవరు వేసుకుని పక్కనే కింద కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా అత్తగారు చారు కలిపి, వేళ్ళతో అన్నాన్ని నొక్కి నొక్కి చూశారు. అన్నమే. ముద్ద చేశారు. ముద్ద నిలిచింది. నోటి దాకా తీసుకెళ్ళి ఆగి, పక్కనున్న మనిషివైపు తిరిగారు.

"మీరు తినట్లేదాండీ?"

"తింటున్నానండి."

"అది తిండి కాదు. చప్పుడు రావట్లేదు." ఆవిడ ఎడమచేత్తో తడుముకుని నా భార్య గడ్డం పట్టుకున్నారు. "పొద్దుటినుంచీ మీ నోట్లో ఏం పడి ఉండదు. దాని కోసం మీరు కడుపు మాడ్చుకుంటే అదేమన్నా లేచొస్తుందాండీ? తినండి. నా మాట వినండి."

ముద్ద నా భార్య పెదవుల ముందుంది. ఆమె నావైపు చూసింది. ఆ ఎడమకన్ను నన్ను ఎంతవరకు చూడగలుగుతోందో నాకు తెలియదు. తింటే ఏమవుతుందో కాకినాడలో విన్నాం. తినకపోతే, పెట్టిన అన్నం ముట్టనిది పోయినవాళ్ళేనని ఆ పెద్దావిడకు తెలుసు. నా భార్య నోరు తెరిచింది.

నమిలింది. మిరియపు గింజ ఒకటి నాలుకతో ముందుకు తెచ్చి, వేళ్ళతో తీసి కంచం అంచున పెట్టింది. మా అత్తగారి చెయ్యి ఇంకా ఆమె గడ్డం మీదే ఉంది. ఆ వేళ్ళు అది పసిగట్టాయి. ఆవిడ ముఖంలో ఏదో వెలిగినట్టయింది. నేను గుమ్మం వదిలి ఓ అడుగు ముందుకేశాను.

"అచ్చం మా అమ్మాయిలాగే తింటారండీ" అన్నారు ఆవిడ. "అదీ ఇంతే. మిరియం తీసి పక్కన పెడుతుంది."

అంతవరకే. అంతకంటే దగ్గరికి ఆవిడ రాలేదు. నా భార్య తలొంచుకుని, "ఆయ్, నాకూ అదే అలవాటండి" అంది.

మర్నాడు మా ఇంట్లోకి బియ్యం తిరిగొచ్చాయి, ఆ బస్తాలోంచే. రోజూ మధ్యాహ్నం నా భార్య చేట తీసి చెరుగుతుంది. కడుగు పారబోస్తుంది. ఎసరు పెడుతుంది. మా అత్తగారికి ఓ గరిటెడు అన్నం వారుస్తుంది. ఆవిడ షుగరు సంగతి డాక్టరుతో మాట్లాడాం. ఈ వయసులో పెద్దావిడను ఇబ్బంది పెట్టకండి అన్నారు. నా భార్య తన కాలీఫ్లవరు తను తింటుంది. అన్నం ఇంట్లో ఉంటే ఉండలేనన్న మనిషి, రోజూ అన్నం వండుతూ ఉండగలిగింది. ఎలాగని నేను అడగలేదు. ఆమె కళ్ళముందు ఉడుకుతున్నది ఇక తన తిండి కాదు. తల్లి చేతి ముద్ద ఒక్కటి మాత్రం తింటుంది. "మా అమ్మాయిలాగే" అనే మాట రోజూ కొత్తగా వింటుంది.

కాకినాడలో డాక్టరు రిపోర్టు చూసి సంతోషించారు. ఆపరేషనుకు పనికొస్తుందన్నారు.

"అన్నం పూర్తిగా మానేశారా?"

"రోజుకొక్క ముద్దండి."

"ఆ ఒక్కటీ ఎందుకు? అదీ మానెయ్యండి."

"అది మానేస్తే చచ్చిపోతానండి" అంది నా భార్య.

డాక్టరు నవ్వారు. పక్కనున్న నర్సూ నవ్వింది. అన్నం మీద ఇంత మమకారమున్నవాళ్ళను గోదావరి జిల్లాల్లోనే చూశానన్నారు ఆయన.

ఆపరేషనయి ఇంటికొచ్చిన రోజు పొద్దు బాగా ఎక్కింది. ఎదురింటావిడను మా అత్తగారి దగ్గర కూర్చోబెట్టి వెళ్ళాం. మేం వచ్చేసరికి గేటు దగ్గరే ఎదురొచ్చి, "అడుగుతున్నారండి, ఎసరు పెట్టలేదేంటని" అంది. నా భార్య కంటికి కట్టుతోనే, చీరయినా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్ళింది. నేను కుర్చీలో కూర్చుని పొద్దుటి పేపరు విప్పాను. లోపల చేట చప్పుడు మొదలైంది.

"అల్లుడుగారండీ" అన్నారు మా అత్తగారు. ఆ వాన రోజు నుంచి ఆవిడ నాతో నేరుగానే మాట్లాడుతున్నారు. నిన్నటివేవీ నిలవని మనసులో ఇదొక్కటి నిలిచింది, మధ్యలో ఉండాల్సిన మనిషి లేదని కాబోలు. "ఇవాళ ఏం వారమండీ?"

పేపరు మీద చూశాను. "మంగళవారమండి."

"శనివారం వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయిందండి."

కడుగునీళ్ళు పారబోసిన చప్పుడైంది. గిన్నె పొయ్యెక్కింది. ఆవిడ వంటింటివైపు చెవి పెట్టి వింటూనే నన్నడిగారు.

"ఎవర్నీ తోడు తీసుకెళ్ళకుండానే?"

వంటింటివైపు చూశాను. కట్టున్న కన్ను నావైపుంది, రెండోది పొయ్యివైపుంది.

"ఎవర్నీ తీసుకెళ్ళలేదండి" అన్నాను.

మూత కొట్టుకోవడం మొదలైంది. మా అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.